భానుమతి గారి పొగరు



మా చిన్నతనంలో కనిగిరిలో మా ఇంట్లో ఆడపిల్ల ఎవరైనా పెద్దవాళ్ల మాటకు ఎదురు చెప్పిందంటే చాలు, వత్తులు చేసుకుంటూ కూర్చున్న మా నాయనమ్మ తలెత్తి, "అబ్బో, పెద్ద భానుమతి బయల్దేరిందమ్మా!" అనేది. మీ ఇళ్లలోనూ ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వినపడే ఉంటుంది. పిల్లను సావిత్రిలా ఉందంటే మెచ్చుకున్నట్టు, భానుమతిలా ఉందంటే మందలించినట్టు. ఇద్దరూ గొప్ప నటీమణులే, ఇద్దరి సినిమాలూ మా నాయనమ్మ ఇష్టంగా చూసినవే. మరి ఒకరి పేరు మెప్పూ, రెండోవారి పేరు తిట్టూ ఎందుకయ్యాయో నాకు చాలా ఏళ్ల దాకా తోచలేదు.

భానుమతికి పొగరెక్కువ అని ఊరంతా అనేది. ఆమె పని చేసిన సినీరంగమూ అనేది. ఆ పొగరేమిటో, ఎక్కడ మొదలైందో, దానివల్ల ఆవిడ ఏం సంపాదించుకుందో, ఏం పోగొట్టుకుందో నాకు తెలిసినంతలో ఇవాళ మీతో చెప్పాలని వచ్చాను.

భానుమతి గారు మన వైపు మనిషే. 1925 సెప్టెంబరు 7న ఒంగోలు దగ్గర, మద్దిపాడు వైపున ఉన్న దొడ్డవరంలో పుట్టారు. ఆ రోజుల్లో ఒంగోలు గుంటూరు జిల్లాలో ఉండేది. మా కనిగిరేమో నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970లో ఈ ముక్కలన్నీ కలిపి కొత్త జిల్లా చేసి, తర్వాత ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అప్పటినుంచీ మేమూ "భానుమతి మా జిల్లా మనిషి" అని చెప్పుకోవడం మొదలుపెట్టాం. తిట్టడానికి వాడుకున్న పేరునే గొప్పకూ వాడుకున్నామన్నమాట!

తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య గారు, తల్లి సరస్వతమ్మ గారు. తండ్రికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం. కూతురికి తొలి గురువు ఆయనే. ఆ కాలంలో పల్లెటూళ్లో మర్యాదగల కుటుంబాలవాళ్లు ఆడపిల్లకు సంగీతం చెప్పించడమంటే పెళ్లిచూపుల్లో ఒక కీర్తన పాడటానికీ, పేరంటాల్లో మంగళహారతికీ. వెంకటసుబ్బయ్య గారికి మాత్రం కూతురి గొంతు నలుగురూ వినాలని ఉండేది. అంతవరకే ఆయన ఆశ. సినిమా దానికొక దారిగా దొరికింది.

1939లో సి. పుల్లయ్య గారు "వరవిక్రయం" సినిమా తీశారు. కాళ్లకూరి నారాయణరావు గారి నాటకం అది. పేరులోనే ఉంది కదా, పెళ్లికొడుకుని అమ్మకానికి పెట్టడం. కట్నం కోసం తండ్రి పొలం పోగొట్టుకోవడం చూసి భరించలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. ఆమె చెల్లెలు కమల, అదే వరుడితో పెళ్లయ్యాక, డబ్బిచ్చి కొనుక్కున్నది మేము కాబట్టి పెళ్లికొడుకే మా ఇంటికి రావాలని తగువు పెడుతుంది. ఆ నాటకం చూసి తెలుగుదేశంలో ఎంతమంది తల్లులు కళ్లు తుడుచుకున్నారో, ఎంతమంది తండ్రులు ఇంటికి వచ్చి మళ్లీ కట్నం బేరాలే ఆడారో చెప్పలేం.

కాళింది వేషం మన దొడ్డవరం అమ్మాయిది. అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. కమల వేషం పుష్పవల్లి గారు వేశారు. షూటింగు కలకత్తాలో. తండ్రి వెంట ఉండి తీసుకెళ్లారు. వెళ్లేముందు ఆయన నిర్మాతలకు షరతు పెట్టారు: మా అమ్మాయిని మగ పాత్రధారులు తాకకూడదు, కౌగిలింత దృశ్యాలు ఉండకూడదు అని. పాటలు పాడుతుంది, నటిస్తుంది, అంతే. వాళ్లు ఒప్పుకున్నారు.

ఇక్కడ కాస్త ఆగాలి. నా లెక్కన భానుమతి గారి పొగరుకు మొదలు ఇక్కడే ఉంది. పనిలోకి దిగేముందే షరతు చెప్పడం, ఒప్పుకుంటేనే చేయడం. మొదట ఆ షరతు తండ్రిది, కూతురి పరువు కోసం పెట్టింది. కానీ పెద్దదయ్యాక ఆ అలవాటును కూతురు తన సొంతం చేసుకుంది. తండ్రి పెడితే దాన్ని "కట్టుబాటు" అన్నారు. ఆవిడ పెడితే "పొగరు" అన్నారు.

ఆ తర్వాత "మాలతీ మాధవం", "ధర్మపత్ని", "భక్తిమాల" వచ్చాయి. 1943లో "కృష్ణప్రేమ" తీస్తున్నప్పుడు దానికి సహాయ దర్శకుడిగా పి.ఎస్. రామకృష్ణారావు గారు పని చేస్తుండేవారు. నెమ్మదస్తుడు, మితభాషి. ఆస్తిపాస్తులు లేవు. భానుమతి గారు ఆయన్నే చేసుకుంటానన్నారు. తండ్రి ససేమిరా అన్నారు. అంత గారాబంగా పెంచిన కూతుర్ని, పేరొచ్చిన నటిని, సహాయ దర్శకుడికి ఎలా ఇస్తారు? కానీ ఆవిడ పట్టు వదల్లేదు. 1943 ఆగస్టు 8న పెళ్లయింది. అమ్మాయి తనకు తానుగా వరుణ్ణి ఎంచుకుంది, కట్నం మాట లేదు. "వరవిక్రయం" వేషం వేసి నాలుగేళ్లయింది అప్పటికి.

మరి పెళ్లయ్యాక ఏం చేశారనుకుంటున్నారు? సినిమాలు మానేశారు! ఇల్లు చూసుకుంటూ హాయిగా ఉందామని ఆవిడే అనుకున్నారు. ఆవిడను "పురుష ప్రకృతి" అని ఆడిపోసుకున్నవాళ్లకు ఈ సంగతి గుర్తుండదు. బి.ఎన్. రెడ్డి గారు "స్వర్గసీమ" తీయబోతూ, సుజాత పాత్రకు ఈవిడ తప్ప మరొకరు పనికిరారని వచ్చి అడిగితే, భర్త సరేనన్న తర్వాతే మళ్లీ ముఖానికి రంగు వేసుకున్నారు. 1945లో వచ్చిన ఆ సినిమాలో వీధిలో ఆడిపాడే పిల్ల నాటకాల రాణిగా మారి, ఒక సంసారిని ఇల్లు వదిలిపెట్టేలా చేస్తుంది. అంతదాకా కాళిందిలాంటి సాధువైన వేషాలు వేసిన అమ్మాయి కళ్లెగరేసి, నడుం తిప్పి, పావురం మీద పాట పాడితే ఊళ్లన్నీ ఊగిపోయాయి. ఘంటసాల గారు సినిమాలో తొలిసారి నేపథ్యగానం చేసింది కూడా ఆ "స్వర్గసీమ"లోనే, భానుమతి గారితో కలిసి. ఆయన తర్వాత ఎంత పెద్ద గాయకుడయ్యారో చెప్పక్కర్లేదు కదా.

ఆ రోజుల్లో నటి అంటే ఒక కంపెనీలో నెల జీతానికి పని చేసే మనిషి. కథ వాళ్లది, పాట వాళ్లది, వేళ వాళ్లది. ఈ దంపతులు ఇద్దరూ కూర్చుని ఆలోచించి సొంత సంస్థ పెట్టుకున్నారు. కొడుకు పేరు భరణి. సంస్థకూ ఆ పేరే, "భరణీ పిక్చర్స్". 1948లో మొదటి సినిమా "రత్నమాల", 1949లో "లైలా మజ్ను". అక్కినేని నాగేశ్వరరావు గారు మజ్ను, భానుమతి గారు లైలా, దర్శకత్వం రామకృష్ణారావు గారు. సినిమా బాగా ఆడింది. మద్రాసులో సాలిగ్రామం దగ్గర భరణీ స్టూడియో కట్టుకున్నారు. భానుమతి గారు తన ఇంట్లో తాను యజమానురాలైనట్టే, తన పని చోటులో కూడా తానే యజమానురాలయ్యారు. మనలో ఉద్యోగాలు చేసే చెల్లెళ్లకు తెలుస్తుంది ఆ తేడా ఎంతటిదో.

1951లో "మల్లీశ్వరి" వచ్చింది. దీన్ని గురించి మాట్లాడకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు, మన్నించాలి.

నేను ఆ సినిమా విడుదలైన చాలా ఏళ్లకు చూశాను, మా ఊరి టూరింగ్ టాకీసులో. డేరా కింద ఇసక పోసి ఉండేది. మధ్యలో తడిక కట్టి ఇటు ఆడవాళ్లు, అటు మగవాళ్లు. ఒకటే మిషను కాబట్టి రీలు అయిపోయినప్పుడల్లా ఆట ఆపి మార్చేవారు. ఆ సందులో పిల్లలకు పాలిచ్చేవాళ్లు, వేరుశనగకాయలు కొనుక్కునేవాళ్లు, చూసినంతవరకూ కథ మాట్లాడుకునేవాళ్లు. మా పడమటి వాళ్లకు కృష్ణదేవరాయలు పరాయి మనిషి కాడు. కంభం చెరువు రాయలవారి దేవేరి వరదరాజమ్మ కట్టించిందని పెద్దలు చెప్పగా విన్నవాళ్లం. అందుకని ఆ కథ మాకు పక్క ఊరి కథలాగే ఉండింది. మల్లీ, నాగరాజూ బావామరదళ్లు. మారువేషంలో ఉన్న రాయలవారి ముందు నాగరాజు వేళాకోళానికి ఒక మాట అంటాడు, మా మల్లికి పల్లకీ పంపించమని. ఆ మాట పట్టుకుని ఒకనాడు నిజంగానే పల్లకీ వస్తుంది. తల్లి సంబరపడుతుంది. పిల్లను అడిగేవాళ్లెవరూ లేరు.

రాణివాసంలో మల్లీశ్వరి ఏడ్చినదానికన్నా ఏడవకుండా కూర్చున్నది ఎక్కువ. భానుమతి గారి నటన గొప్పతనం నాకు ఆ మౌనంలోనే కనిపిస్తుంది. నోరున్న మనిషి, నోరులేని పిల్ల వేషం అంత నమ్మకంగా వేసింది. మా నాయనమ్మ పైట చెంగుతో కళ్లొత్తుకోవడం నేను చూశాను. భానుమతి అన్న పేరును తిట్టుగా వాడిన మనిషే!

మన రేడియోవాళ్లు గొప్పగా చెప్పుకోవలసిన మాట ఇంకోటి ఉంది. "మల్లీశ్వరి" కథకు బుచ్చిబాబు గారి రేడియో నాటిక ఒక ఆధారం. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి మాటలు, పాటలు, సాలూరి రాజేశ్వరరావు గారి సంగీతం. ఆ పాటల్ని భానుమతి గారు తనే పాడారు. నేపథ్యగానం వచ్చి, తెర మీద ఒకరు పెదవులు కదిపితే వెనక ఇంకొకరు పాడే పద్ధతి స్థిరపడిన తర్వాత కూడా ఆవిడ తన పాట తానే పాడుకున్నారు. అదీ ఒక షరతే.

ఇక అసలు సంగతికి వస్తాను. 1953లో "చండీరాణి" విడుదలైంది. భరణీ వాళ్లదే. పేర్లు వేసేచోట దర్శకత్వం అన్నచోట "భానుమతి" అని పడింది. తెలుగు సినిమాకు దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ ఆవిడే. దక్షిణాదిలో అంతకుముందు 1936లో టి.పి. రాజలక్ష్మి గారు తమిళంలో "మిస్ కమల" తీశారు. మన తెలుగులో మాత్రం ఈవిడతోనే మొదలు.

మొదటిసారి దర్శకత్వం చేసేవాళ్లు ఎవరైనా చిన్న కథ ఎత్తుకుంటారు. ఈవిడ ఎత్తుకున్నది చూడండి. సినిమా ఒకేసారి మూడు భాషల్లో, తెలుగు, తమిళం, హిందీ. అంటే ఒక్కో దృశ్యం మూడుసార్లు తీయాలి, మూడు భాషల్లో మాటలు చెప్పించాలి. దానికి తోడు కథానాయిక వేషాలు రెండు, కవల పిల్లలు. రెండూ తనవే. ఎన్.టి. రామారావు గారు హీరో, ఎస్.వి. రంగారావు గారు ఉన్నారు. సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బురామన్ గారు 1952లో చిన్న వయసులోనే పోయారు. మిగిలిన పని ఎం.ఎస్. విశ్వనాథన్ గారి చేతుల మీదుగా పూర్తయింది.

ద్విపాత్రాభినయం అంటే ఇవాళ కంప్యూటరు చేసిపెడుతుంది. అప్పుడు కెమెరాలోనే చేయాలి. కటకానికి సగం మూసి, ఒక వైపు మనిషిని తీయాలి. ఫిల్మును వెనక్కి తిప్పాలి. తర్వాత రెండో సగం మూసి, వేషం మార్చుకు వచ్చి, ఇటువైపు నిలబడి, ఇందాక అక్కడ తాను ఎక్కడ చూసిందో, ఎంతసేపు ఆగిందో గుర్తుంచుకుని, లేని మనిషితో మాట్లాడాలి. కెమెరా వెంట్రుకవాసి కదిలిందంటే మధ్యలో గీత పడుతుంది, మొత్తం వృథా. ఇదంతా మూడు భాషల్లో. మధ్యలో లేచి వెళ్లి లైటు సరిగా ఉందో లేదో చూసుకోవలసింది కూడా ఆవిడే. ఇంట్లో ఏడెనిమిదేళ్ల పిల్లవాడు.

పొయ్యి మీద మూడు గిన్నెలు పెట్టి, గుమ్మంలో పాలవాడికి లెక్క చెప్పి, పిల్లవాడికి జడ... కాదులెండి, బొత్తాలు పెట్టి పంపే మనకు ఈ పని ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. కానీ మన వంటింట్లో మన మాట వినకుండా ఉండేవాళ్లు లేరు. అక్కడ వందమంది మగవాళ్లు, "ఒక ఆడమనిషి చెబితే చేయడమేమిటి" అనుకునే కాలం. గట్టిగా మాట్లాడకపోతే పని జరగదు. మగ దర్శకుడు సెట్లో కేకలేస్తే "ఆయన పనిరాక్షసుడండీ" అని మురిసిపోతారు. మరి ఆవిడ కేకలేస్తే ఏమన్నారో మీకు తెలుసు.

నిజం చెప్పాలంటే "చండీరాణి" మహా గొప్ప సినిమా అని నేను అనను. జానపద కథ, అక్కడక్కడ సాగుతుంది. "మల్లీశ్వరి" పక్కన పెడితే తేలిపోతుంది. కానీ మొదటి ప్రయత్నంలో ఇంత బరువు ఎత్తి, మూడు భాషల్లోనూ పూర్తి చేసి విడుదల చేశారు. ఇది చిన్న విషయం కాదు. ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. భర్త పేరుమోసిన దర్శకుడై ఉండి, ఆ కుర్చీ భార్యకు ఇచ్చి పక్కన నిలబడ్డారు. రామకృష్ణారావు గారి గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. సొంత సంస్థ, సొంత స్టూడియో, అడ్డుపడని భర్త, ఈ మూడూ ఉన్నాయి కాబట్టి భానుమతి గారికి ఆ పని సాధ్యమైంది. ఇవేవీ లేని ఆడవాళ్లు ఎంత తెలివైనవాళ్లైనా గడప దాటలేకపోయారు. ఆ మాట ఒప్పుకోకపోతే కథ అబద్ధమవుతుంది.

సరే, పొగరు కథల్లోకెల్లా పేరుపడ్డ కథ "మిస్సమ్మ"ది. విజయా వారు ఆ సినిమా మొదలుపెట్టింది భానుమతి గారితోనే. కొన్ని రీళ్లు తీశారు కూడా. వరలక్ష్మీ వ్రతం చేసుకుని షూటింగుకి ఆలస్యంగా వచ్చారనీ, నిర్మాత చక్రపాణి గారు క్షమాపణ రాసివ్వమన్నారనీ, ఈవిడ రాయనన్నారనీ, ఆయన తీసిన రీళ్లు తగలబెట్టారనీ చెప్పుకుంటారు. ఆ వేషం సావిత్రి గారికి వచ్చింది. 1955లో విడుదలై ఎంత పేరు తెచ్చుకుందో మీకు తెలిసిందే. ఆలస్యంగా రావడం తప్పే, తప్పు కాదని నేను అనడంలేదు. సెట్టు మీద వందమంది కూర్చుని ఎదురుచూస్తుంటారు. కానీ పిలిచి మందలిస్తే పోయేదానికి కాగితం రాయించుకోవడమెందుకని కూడా అనిపిస్తుంది. శ్రావణ శుక్రవారం పూజ ముగించి హడావుడిగా బయల్దేరిన ఆడదాని గుండె ఎలా కొట్టుకుంటుందో మనకు తెలియనిది కాదు. ఆవిడ ఆ కాగితం రాయలేదు. దానివల్ల తెలుగులో ఒక అందమైన పాత్ర పోగొట్టుకున్నారు. తర్వాత ఆ విషయం ఎత్తితే, నా మూలాన ఒక మంచి నటి పైకొచ్చింది కదా అని నవ్వేవారట.

తమిళంలోనూ ఇలాంటిదే ఒకటి. ఎం.జి.ఆర్. గారితో "మలైక్కళ్లన్", "మదురై వీరన్", "అలీబాబా" కథ, అన్నీ చేశారు. "మలైక్కళ్లన్" రాష్ట్రపతి రజతపతకం తెచ్చుకుంది. 1958లో ఎం.జి.ఆర్. గారు మొదటిసారి తానే దర్శకత్వం చేసిన "నాడోడి మన్నన్"లో ఇద్దరికీ పడక, ఈవిడ మధ్యలో తప్పుకున్నారు. ఆయన కథలో ఆ పాత్రను చంపేసి సినిమా పూర్తి చేశారు. బాగుంది కదూ! అయితే వాళ్లు శత్రువులైపోలేదు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, 1985లో, భానుమతి గారు మద్రాసులోని ప్రభుత్వ సంగీత కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. అన్నాదురై గారు ఆవిడ నటనను నటనకే వ్యాకరణం అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు తమిళనాట ఆవిడ పేరు ముందు బిరుదుగా నిలిచిపోయింది.

ఇన్ని పోట్లాటల మనిషి ఇంట్లో ఎలా ఉండేవారు? దానికి జవాబు ఆవిడే రాసిపెట్టారు, "అత్తగారి కథలు" పేరుతో. చదవనివాళ్లు ఉంటే ముందు అది సంపాదించి చదవండి. ఆవకాయ మీద ఒక కథ ఉంది. ఊరగాయల కాలంలో మన ఇళ్లలో జరిగే రభసంతా అందులో కళ్లకు కడుతుంది. జాడీలు, మడి, "నీకేం తెలుసు ఊరుకో" అనే మాటలు, చివరికి అంతా తారుమారై అత్తగారు గంభీరంగా కూర్చోవడం. ఆ అత్తగారు అమాయకురాలు, పట్టుదల మనిషి, తనకు అన్నీ తెలుసనుకునే మనిషి. కథ చెప్పే కోడలు బయట ఎంత పెద్ద నటి అయినా, స్టూడియో యజమానురాలైనా, ఇంట్లో అత్తగారి ముందు మాట్లాడదు, లోపల లోపల నవ్వుకుంటుంది. ఆ నవ్వులో ఎకసెక్కం లేదు, ప్రేమ ఉంది. అత్తాకోడళ్ల కథలంటే ఏడిపించే అత్త, ఏడ్చే కోడలు అని అలవాటు పడిన కాలంలో ఈ కథలు కొత్తగా అనిపించాయి. హాస్యం మగవాళ్లు రాయాలి, ఆడవాళ్లు రాస్తే కన్నీళ్లే రాయాలి అన్న అభిప్రాయం కూడా వీటితో కొంత సడలింది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ఈ పుస్తకానికి బహుమతి ఇచ్చింది.

నాకు సినిమాల్లో భానుమతి గారికన్నా ఈ పుస్తకంలో భానుమతి గారే ఎక్కువ ఇష్టం. ఇది నా సొంత అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

భరణీ సంస్థ పనికూడా ఆగలేదు. 1954లో "విప్రనారాయణ"లో దేవదేవి. అదే ఏడు "చక్రపాణి" సినిమాకు సంగీత దర్శకత్వం కూడా తనదే. 1956లో "చింతామణి", అదీ "వరవిక్రయం" రాసిన కాళ్లకూరి వారి నాటకమే. 1961లో శరత్ బాబు నవల ఆధారంగా "బాటసారి". బయటి సంస్థల్లో "బొబ్బిలి యుద్ధం"లో మల్లమ్మ, "పల్నాటి యుద్ధం"లో నాయకురాలు నాగమ్మ. ఆ నాగమ్మ వేషం చూసినప్పుడు మా పెద్దమ్మ, "వేషం వేయలేదే, ఉన్నట్టే ఉంది" అన్నది. 1965లో "అంతస్తులు" ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ బహుమతి పొందింది. 1966లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చింది.

నడివయసు దాటాక కథానాయిక వేషాలు ఎవరికీ రావు. మగవాళ్లకు అరవై దాటినా వస్తాయి, అది వేరే సంగతి. ఆ వయసులో నటీమణులు మూలన కూర్చుని దగ్గే తల్లి వేషాలకు సిద్ధపడాల్సిందే. భానుమతి గారు మళ్లీ దర్శకత్వం చేపట్టారు. 1972లో "అంతా మన మంచికే", 1974లో "అమ్మాయి పెళ్లి". 1982లో "భక్త ధ్రువ మార్కండేయ", అందులో వేషాలన్నీ పిల్లలచేతనే వేయించారు. పిల్లలచేత ఒక పద్యం సరిగా చెప్పించాలంటే ఎంత ఓపిక కావాలో ఇంట్లో చిన్నపిల్లలున్న తల్లులకు తెలుసు. పొగరు మనిషి ఆ ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకుందో!

ఆవిడ తర్వాత ఆ దారిన నడిచినవాళ్లు ఉన్నారు. 1968లో సావిత్రి గారు "చిన్నారి పాపలు" తీశారు. దాంట్లో కథ, సంగీతం, నృత్యం అన్నీ ఆడవాళ్లవే. సినిమా ఆడలేదు, ఆవిడ బాగా నష్టపోయారు. విజయనిర్మల గారు 1970లలో మొదలుపెట్టి నలభై నాలుగు సినిమాలకు దర్శకత్వం చేసి 2002లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. భానుమతి గారు తానే ముందుకు వచ్చి, ఇంకో ఆడపిల్లను పక్కన పెట్టుకుని దర్శకత్వం నేర్పించారా అంటే, అలా తయారైన దర్శకురాలి పేరు నేను వినలేదు. గొప్పవాళ్లను పొగిడేటప్పుడు ఈ మాట దాటేయడం సులువు, కానీ నాకది వెలితిగానే ఉంటుంది.

1984లో "మంగమ్మగారి మనవడు" వచ్చింది. ఊరంతా వణికే ముసలి నాయనమ్మగా ఆవిడ. మనవడి వేషం బాలకృష్ణది. మా నాయనమ్మ అప్పటికి లేదు. ఉండి ఉంటే తనను తాను తెరమీద చూసుకుని ఏమనేదో! రెండేళ్లకు, 1986లో, రామకృష్ణారావు గారు పోయారు. తర్వాత కూడా వేషాలు వేశారు. ఆత్మకథ "నాలో నేను" రాశారు. సినిమా మీద వచ్చిన ఉత్తమ గ్రంథంగా 1993 సంవత్సరానికి జాతీయ బహుమతి దానికే వచ్చింది. 2001లో పద్మభూషణ్. చివరి సినిమా 1998లో "పెళ్లి కానుక". 2005 డిసెంబరు 24న మద్రాసులో కన్నుమూశారు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్లు నిండినప్పుడు తపాలా శాఖ వేసిన బిళ్లల్లో ఆవిడ బొమ్మ ఉంది.

మొన్న సెలవులకు వచ్చిన మా మనవరాలు ఏదో మాటకు నాతో గట్టిగా వాదించింది. నా నోటివెంట అలవాటుగా అదే మాట వచ్చింది, "పెద్ద భానుమతి బయల్దేరావు!" అని. అది తెల్లబోయి, "భానుమతి అంటే ఎవరు అమ్మమ్మా?" అంది. నాకు సమాధానం చెప్పడానికి ఒక గంట పట్టింది. ఆ గంటలో చెప్పిందే ఇవాళ మీకూ చెప్పాను. ఇద్దరం కూర్చుని "మల్లీశ్వరి" చూశాం. అది మధ్యలో ఒకసారి లేచి వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుంది. "చండీరాణి" ఇంకా చూడాల్సి ఉంది. మీరు చూస్తే మాత్రం మొదట్లో పేర్లు పడేటప్పుడు లేచి వెళ్లకండి.

నాకిచ్చిన సమయం అయిపోయింది.